వానాకాలంలో కార్ల్ ఫిషర్ డ్రిఫ్ట్ దిగకపోతే

జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ముసురు పట్టిందంటే తేమ శాతం చూసే కార్ల్ ఫిషర్ మెషిన్‌తో టెన్షన్ మొదలయ్యేది. డ్రిఫ్ట్ అంటే శాంపిల్ వేయకముందే మెషిన్‌లోకి చొరబడుతూ లెక్కకొచ్చే తేమ. మా దగ్గర అది నిమిషానికి 20 మైక్రోగ్రాముల లోపుకు దిగితేగానీ శాంపిల్ వేయం. అదేమో 60 దగ్గర మొండికేసేది. రీఏజెంట్ (తేమతో చర్య జరిపే రసాయనం) పాడైందంటూ సీసాలు మార్చేవారు, దండగ ఖర్చు.

ముందు సెప్టం, అంటే శాంపిల్ సిరంజి గుచ్చే రబ్బరు బిళ్ల, చూశాను. సిరంజి పోట్లకు జల్లెడైపోయింది. మారిస్తే కాస్త దిగింది, అంతే. అసలు దొంగ డ్రైయింగ్ ట్యూబు, లోపలికెళ్లే గాలిలోని తడిని ఆపేది. అందులోని మాలిక్యులర్ సీవ్ గింజలు ఇక తడి పీల్చలేని స్థితికొచ్చాయి. చూడ్డానికి మాత్రం ఎప్పటిలాగే ఉంటాయి, అదే చిక్కు. నీలం సిలికా జెల్ నయం, గులాబీ రంగుకు తిరిగి తనే చెప్పేస్తుంది.

మెషిన్‌లో వాడే మిథనాల్ మండే ద్రావకం, దాని ఆవిరి తగిలిన గింజలు కాబట్టి ముందు ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిరిని బయటికి లాగే అరలో) బాగా ఆరబెట్టాను. తర్వాత ఫర్నేస్‌లో 300 డిగ్రీల దగ్గర కొన్ని గంటలుంచి, డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) చల్లార్చి నింపాను. రీఏజెంట్ సీసా మీది ట్యూబునూ వదల్లేదు.

డ్రిఫ్ట్ 12కి వచ్చింది. నీటి శాతం 15.66 అని ముందే తెలిసిన సోడియం టార్ట్రేట్ డైహైడ్రేట్‌తో సరిచూస్తే దానికి దగ్గరగా పలికింది. ఇప్పుడు గింజలు నింపిన తేదీ ట్యూబు మీదే రాసి అంటిస్తున్నాం.