వేసవి పంటకు ముందు ఫీడ్ షాపు వాళ్లు చూసుకోవాల్సినవి

ఫిబ్రవరి వచ్చేసరికి భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువులు ఎండగట్టి, సున్నం చల్లి, మళ్లీ నీళ్లు పెట్టడం మొదలవుతుంది. ఫీడ్, మందుల షాపులకు ఫోన్లు కూడా అప్పుడే మొదలు. "బాబాయ్, ఈసారి ఎనిమిదెకరాలు వేస్తున్నా, మేత నీ దగ్గరే" అంటే చెవికి ఇంపుగానే ఉంటుంది. ఆ ఎనిమిదెకరాల మేత మన డబ్బుతో వెళ్తుందా, అతని డబ్బుతో వెళ్తుందా అన్నది మాత్రం ఆ ఫోన్‌లోనే తేల్చుకోవాలి.

రోజులు బాగాలేవని వేరే చెప్పక్కర్లేదు. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాల ప్రకటన వచ్చిన కొద్ది రోజులకే ఇక్కడ రొయ్య రేట్లు కిందికి దిగాయి. అదే ఏడాది ఆగస్టు 27న మన సరుకు మీద అదనపు సుంకం 50 శాతానికి చేరింది. ఆ శాతం ఒక్క ప్రకటనతో పెరుగుతుంది, ఇంకో ప్రకటనతో తగ్గుతుంది. చెరువులో వనామీ రకం రొయ్య ఎదగడానికి మాత్రం మూడు నెలల పైనే కావాలి. సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన రోజున్న రేటు, రొయ్య పట్టి అమ్మే పట్టుబడి రోజున ఉంటుందని కొనేవాడు కూడా హామీ ఇవ్వడు. పైగా పెద్ద సైజు సరుకు ఎక్కువగా అమెరికాకే వెళ్తుంది కాబట్టి, బాగా పెంచిన రైతుకే దెబ్బ ఎక్కువ తగలొచ్చు.

మన షాపులు అమ్మకాలు తగ్గి మూతపడటం అరుదు. మూతపడినవి ఎక్కువగా అరువు ఖాతాలు పెరిగి మూతపడ్డవే. కాబట్టి జాగ్రత్తంతా అరువు దగ్గరే.

అరువు లిమిట్‌ను మనిషి పేరు మీద కాకుండా చెరువు పేరు మీద పెట్టండి. ఒకే రైతుకు సొంత చెరువొకటి, లీజు చెరువులు రెండు ఉంటాయి. మూడూ ఒకే పేజీలో రాస్తే ఏది మునుగుతోందో మనకు కనిపించదు. ఇప్పుడు ఒక ఎకరం లెక్క చూడండి. రెండు టన్నులు తీయాలంటే, కిలో రొయ్యకు కిలోన్నర మేత చొప్పున మూడు టన్నులు, అంటే 25 కిలోల బస్తాలు 120. కిలో వంద రూపాయలనుకుంటే ఎకరానికి 3 లక్షలు. ఇందులో సగానికి దగ్గరగా చివరి నెల రోజుల్లోనే లేస్తుంది. రొయ్య బరువెక్కే కొద్దీ రోజుకు పడే బస్తాలు పెరుగుతాయి కదా. అంటే, రైతు దగ్గర మన డబ్బు ఎక్కువగా ఇరుక్కునేదీ, జబ్బొస్తే ఎక్కువ పోయేదీ ఒకే సమయంలో. నలభయ్యో రోజున వైరస్ వస్తే మనకు పోయేది కొంతే. ఎనభయ్యో రోజున వస్తే అంతా పోతుంది.

అందుకని మొదటి 45 రోజుల మేత అరువు ఇచ్చినా, ఆ తర్వాత ప్రతి లోడుకూ సగం నగదు అని సీడ్ వేయకముందే చెప్పేయాలి. మధ్యలో చెబితే గొడవ. "ఇంకో ఇరవై బస్తాలు వేయించు బాబాయ్, పట్టుబడి అవగానే పాతదీ కొత్తదీ కలిపి కట్టేస్తా" అన్నప్పుడు, సరేనని లోడు పంపే ముందు ఒకసారి చెరువు గట్టు మీదికి వెళ్లిరండి. మేత వేసిన రెండు గంటలకు, రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రే పైకి తీయించండి. మేత మిగిలిపోయిందా? రొయ్య వీపు మీద పేగు నల్లగా, నిండుగా గీత గీసినట్టు ఉందా, తెగి తెగి ఉందా? పేగు తెల్లబడి, గాలి కొట్టే మూల నీటి మీద తెల్లటి దారాల్లా మలం తేలుతోందంటే ఆ చెరువుకు ఇరవై బస్తాల అవసరమే లేదు. వల వేసి కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో) తీయించి, వెంటనే పట్టించడమా, ఆగడమా అని కూర్చుని మాట్లాడుకోవాల్సిన సమయం అది. కౌంటర్ వెనక కూర్చుని ఈ సంగతి తెలుసుకోలేం. షాపులో ఖర్చు తగ్గించుకోవాల్సి వచ్చినా, చెరువుల మీద తిరిగే కుర్రాడిని మాత్రం వదులుకోకండి.

ఇంకో లెక్క. కిలోకు 50 రూపాయలు రేటు తగ్గితే రెండు టన్నుల మీద లక్ష పోయినట్టే. ఆ లక్ష ఎవరి వాటాలోంచి పోతుంది? లీజు డబ్బు రైతు సాధారణంగా ముందే కట్టేసి ఉంటాడు. కరెంటు బిల్లు ఆగదు, డీజిల్ ఆగదు, కూలీలు ఆగరు. అడ్వాన్సు ఇచ్చిన కమీషన్ ఏజెంటు కాటా దగ్గరే పట్టేసుకుంటాడు. వరసలో చివర నిలబడేది మనమే. కాబట్టి కొత్త ఖాతా తెరిచే ముందు, ఈ చెరువు మీద ఎవరెవరి అడ్వాన్సులు ఉన్నాయని మొహమాటం లేకుండా అడగండి. బావమరిదినైనా సరే. నిజానికి బావమరిదినే ముందు అడగాలి.

కాగితం విషయంలో మనవాళ్ల అశ్రద్ధ అంతా ఇంతా కాదు. గడువు తేదీ పెట్టని ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి, రాసిన తేదీ నుంచి 3 ఏళ్లే గడువు. ఆలోపు కొంత డబ్బు కట్టించుకుని, నోటు వెనక తేదీతో చెల్లు రాయించి, రైతు సంతకం తీసుకుంటే అక్కడి నుంచి మళ్లీ 3 ఏళ్లు. మన చేత్తో మనం రాసుకున్న చెల్లు పనికిరాదు. చెక్కు మీద ఉన్న తేదీ నుంచి 3 నెలల్లోపు బ్యాంకులో వేయాలి. బౌన్స్ అయిందని తెలిసిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. అది అందాక 15 రోజులు గడువివ్వాలి, అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాతి నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. "పోనీలే, వచ్చే పంటకు చూద్దాం" అని ఊరుకుంటే ఈ తేదీలు దాటిపోతాయి.

కంపెనీల వైపు నుంచి వచ్చే ప్రమాదం ఇంకొకటి. టార్గెట్ కొడితే విదేశీ టూరు అంటారు. అనుమానం ఉన్న సీజన్లో ఆ టూరు కోసం గోడౌన్ నింపుకోకండి. మేత మూడు నెలలు దాటితే పనితనం తగ్గుతుంది, తేమ తగిలితే బూజు పడుతుంది. చెక్క బల్లల మీద, గోడకు ఎడంగా పేర్చి, పాత లోడు ముందు పంపండి. లేబుల్ లేని డబ్బాల్లో వచ్చే మందుల జోలికి అసలు వెళ్లకండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి నిషేధిత యాంటీబయాటిక్‌ల అవశేషాలు దొరికితే ఎగుమతి కంటైనరే వెనక్కి వస్తుంది. రైతు ఆ మందు ఎక్కడ కొన్నాడన్న ప్రశ్న తిరిగి తిరిగి మన గుమ్మంలోకే వస్తుంది.

బ్యాంకు సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్‌ను మార్చిలోనే పూర్తిగా వాడేయకండి. రైతులు మనకు కట్టాల్సిన బాకీల్లో 90 రోజులు దాటిన వాటిని సాధారణంగా బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. సరిగ్గా డబ్బు కావలసిన మే నెలలో డ్రాయింగ్ పవర్, అంటే ఆ లిమిట్‌లో మనం తీసుకోగల మొత్తం, తగ్గిపోతుంది. అప్పుడు బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 24 శాతం. ఫీడ్ మీద మిగిలే మార్జిన్‌తో దాన్ని తీర్చడం ఎవరి వల్లా కాదు. కిస్తీ ఆలస్యమయ్యేలా ఉంటే మేనేజరు ఫోన్ చేసే దాకా ఆగకుండా మీరే వెళ్లి మాట్లాడండి. మన బాకీ 90 రోజులు దాటి ఎన్‌పీఏ (మొండి బాకీ) అయ్యాక ఆయన చేతిలో కూడా పెద్దగా ఏమీ ఉండదు.

మరి ఇలాంటి రోజుల్లో వ్యాపారం పెంచకూడదా అంటే, పెంచొచ్చు. రెండో బ్రాంచి పెట్టి మాత్రం కాదు. సున్నం, మినరల్స్, చెరువు నీటికి ఆక్సిజన్ అందించే ఏరేటర్ల గేర్‌బాక్సులు, మోటారు స్పేర్లు వంటివి నగదుకే అమ్మే అలవాటు చేయండి. అర్ధరాత్రి ఏరేటర్ ఆగినవాడు అరువు బేరం ఆడడు. నీటి పరీక్షలు చేసే చిన్న ల్యాబ్ పెడితే చెరువు సంగతి మనకు ముందుగా తెలుస్తుంది, పైగా అది కూడా నగదే. కైకలూరు, కొల్లేరు వైపు చేపల రైతులను కూడా ఖాతాదారులుగా చేసుకోండి. వాళ్ల బొచ్చె, శీలావతి బెంగాల్‌కూ అస్సాంకూ లారీల్లో వెళ్తాయి, అమెరికా సుంకంతో వాటికి పని లేదు. చేపకు పంటకాలం ఎక్కువ కాబట్టి అక్కడ అరువు ఇంకా నెమ్మదిగా తిరుగుతుంది. అందుకే తేలే మేతను వారం వారం నగదుకు తీసుకునేవాళ్లతోనే మొదలుపెట్టండి.

ఇల్లు, షాపు లెక్కలు వేర్వేరు బ్యాంకు ఖాతాల్లో ఉండాలి. ఎవరి నోటు ఏ తేదీకి మురిగిపోతుందో, ఏ కంపెనీ దగ్గర ఎంత డిపాజిట్ ఉందో ఒక పుస్తకంలో రాసి, ఇంట్లో ఇంకొకరికి చూపించండి. సీడ్ లారీలు రావడం మొదలుకాకముందే ఈ పని పూర్తి చేయండి.