పొగబెట్టిన బేకన్ హలపీన్యోల కారాన్ని అదుపు చేయడం ఎలా?

టెక్సాస్ ఇళ్ల పెరళ్లలో స్మోకర్ (కట్టె పొగతో మాంసం వండే పొయ్యి) వెలిగించిన రోజున పెద్ద మాంసం ముక్క తయారవడానికి పూటంతా పడుతుంది. ఈలోపు అందరి చేతుల్లోకీ వచ్చేవి బేకన్ (ఉప్పులో ఊరిన పంది మాంసపు పలుచని పట్టీ) చుట్టిన హలపీన్యో మిరపకాయలు. మిరపకాయను చీల్చి, క్రీమ్ చీజ్ కూరి, బేకన్ చుట్టి పొగలో ఉంచుతారు. రుచికి తిరుగులేదు. చిక్కల్లా కారంతోనే. ఒకే పళ్లెంలో ఒకటి చప్పగా ఉంటే పక్కది కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది. స్కోవిల్ కొలతలో హలపీన్యో కారం సుమారు 2,500 నుంచి 8,000 దాకా ఉంటుంది మరి.

కొనేటప్పుడే జాగ్రత్తపడండి. తొక్క నున్నగా, నిగనిగలాడే కాయలు సాధారణంగా తక్కువ కారం. తొక్కపై గోధుమరంగు సన్నని చారలుంటే అవి ముదురు కాయలు, ఘాటు ఎక్కువ ఉండే అవకాశముంది. ఇది పూచీ కాదు, ఆనవాలు మాత్రమే. కూరడానికి పొడవైన, తిన్నని కాయలు తీసుకోండి.

చేతులకు తొడుగులు వేసుకుని, తొడిమతో సహా కాయను నిలువునా రెండుగా చీల్చండి. తొడిమ ఉంటే చీజ్ అటువైపు కారిపోదు. ఇప్పుడు లోపలికి చూడండి. పాలిపోయిన తెల్లని ఈనె, దాన్ని అంటుకుని గింజలు. కారాన్నిచ్చే క్యాప్సైసిన్ తయారయ్యేది ఆ ఈనెలోనే. గింజలకు సొంత కారం లేదు, ఈనెను తాకడం వల్ల అంటిందే. మిర్చి బజ్జీకి గింజలు దులిపే అలవాటున్న మనం ఇక్కడే పొరబడతాం: గింజలన్నీ పోయినా ఈనె మిగిలితే కారం దాదాపు అంతా మిగిలినట్టే.

చిన్న చెంచా అంచుతో కొన నుంచి తొడిమ వైపు గీకండి. తొడిమ కింద ఈనె ముడిలా గట్టిపడి ఉంటుంది. దాన్ని కత్తి మొనతో పెకలించాలి. గోడ లోపలివైపు తడిగా, పచ్చగా, ఎక్కడా తెల్లచార లేకుండా కనిపిస్తే పని పూర్తయినట్టు. మధ్యస్థంగా కావాలంటే తొడిమ దగ్గరి ఈనెను కాస్త వదిలేయండి. బాగా కారం ఇష్టమైనవారికి గింజలు మాత్రం తీస్తే చాలు.

ప్రతి కాయనూ రుచి చూడమనే నా సలహా. తొడిమ వైపు నుంచి గోరంత ముక్క నాలుకకు తాకిస్తే చాలు. కొన వైపు తరచూ చప్పగా ఉండి మోసం చేస్తుంది. ఇంకా ఘాటుగా ఉన్నవాటిని అరగంట చల్లని పాలలో నానబెట్టి, తడి లేకుండా తుడవండి. కొంత తగ్గుతుంది. పని ముగిశాక చేతులకు ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగండి. క్యాప్సైసిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది.

కూర్పు విషయంలోనూ ఇదే సూత్రం. పన్నెండు కాయలకు 225 గ్రాముల క్రీమ్ చీజ్, గుప్పెడు చెడ్డార్ తురుము కలపండి. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్, కొవ్వు కారాన్ని పట్టుకుంటాయి కాబట్టి పీనాసితనం వద్దు, అంచుల దాకా కూరండి. మిరప ముక్కలు కలిసిన చీజ్ వాడితే ఇంతసేపు గీకిందంతా వృథా. సాసేజ్ వేస్తే ముందే పూర్తిగా ఉడికించి వేయండి. ఒక్కో సగానికి పలుచని బేకన్ సగం ముక్క చుట్టి పుల్ల గుచ్చండి. మందపాటి బేకన్ కరకరలాడేలోపు కాయ మెత్తబడి కూలిపోతుంది.

స్మోకర్‌ను 120–135 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచి, చీజ్ పైకి ఉండేలా పేర్చి, గంటన్నర నుంచి రెండు గంటలు వదిలేయండి. బేకన్ అంచులు ముదురు ఎరుపుకు తిరిగి, కొవ్వు బుడగలు కట్టాలి. ఆపిల్ లేదా పీకాన్ కట్టె పొగ మృదువుగా ఉంటుంది. మెస్కీట్ కట్టె పొగ ఎక్కువైతే చేదెక్కుతుంది. అయితే కత్తి వదిలేసిన కారాన్ని పొగ తీసేయదు. పండిన హలపీన్యోలను పొగలో ఎండబెడితే వచ్చేదే చిపోట్లే, దాని కారం ఏమీ తక్కువ కాదు.

దించిన వెంటనే వడ్డించకండి. నాలుకపై వేడినీ మిరప మంటనూ పసిగట్టే గ్రాహకం ఒక్కటే, అందుకే వేడివేడిగా తింటే మంట రెట్టింపు అనిపిస్తుంది. పది నిమిషాలు ఆగండి. ఈనె వదిలిన వాటికి రెండు పుల్లలు, తీసిన వాటికి ఒక్కటి గుచ్చి ఆ గుర్తు అందరికీ చెప్పండి. పిల్లల కోసం కారంలేని చిన్న తీపి మిరపల్లో ఇదే కూర్పు పెట్టి వేరే పళ్లెంలో ఉంచండి. పక్కనే ఒక గిన్నెడు పెరుగు పెట్టడం మరవకండి. మంట పుట్టినవారికి నీళ్లు కాదు, అదే అందించాలి.