స్ప్లిట్ ఏసీకి రాగి పైపు ఇలా వేయండి

ఏసీ ఎంత ఖరీదైనదైనా పైపు పని బాగోకపోతే ఏడాది తిరక్కుండానే గ్యాస్ పోతుంది. పైపుల సైజు, కనీస పొడవు మాన్యువల్లో చూసి తీసుకోండి. లోపలి, బయటి యూనిట్లను కలిపే సన్న పైపు, లావు పైపు రెండింటికీ విడివిడిగా ఇన్సులేషన్ తొడగండి, ఎందుకంటే చాలా స్ప్లిట్లలో ప్రెషర్ తగ్గించే భాగం బయటి యూనిట్‌లోనే ఉంటుంది, కాబట్టి సన్న పైపు కూడా చల్లబడి చెమట పట్టి గోడ తడుస్తుంది.

కోయడానికి ట్యూబ్ కట్టరే వాడండి, హ్యాక్సా బ్లేడ్ వద్దు, రజను లోపలికి వెళ్తే కంప్రెసర్‌కి ముప్పు. పైపు నోరు కిందికి ఉండేలా పట్టుకుని లోపలి అంచును రీమర్‌తో (అంచు గీకే పనిముట్టు) శుభ్రం చేయండి. నట్టు ఎక్కించాకే ఫ్లేర్ కొట్టండి, అంటే పైపు చివరను గరాటులా వెడల్పు చేయండి, మర్చిపోతే ఆ ముక్క కోసేయాల్సిందే! ముందు చేత్తో బిగించి, తర్వాత టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) మాన్యువల్ చెప్పినంతే తిప్పండి, బలమంతా పెడితే ఫ్లేర్ పగులుతుంది.

లీక్ చూడ్డానికి నైట్రోజన్ నింపి జాయింట్లకు సబ్బు నురగ రాయండి. ఆక్సిజన్ మాత్రం ఎప్పుడూ వద్దు, కంప్రెసర్ నూనెతో కలిస్తే పేలుతుంది.

ఆ తర్వాత పైపుల్లోని గాలి, తేమ లాగేసే వాక్యూమ్ పంపు పెట్టండి. కొంచెం గ్యాస్ వదిలి గాలి తోసేస్తే చాలని కొందరు మెకానిక్‌లు అంటారు, దయచేసి ఒప్పుకోకండి: తేమ లోపలే ఉండిపోతుంది, పైగా చాలా కొత్త ఏసీల్లో ఉండే ఆర్32 మండే గుణమున్న గ్యాస్. గేజ్ 500 మైక్రాన్ల (వాక్యూమ్ కొలిచే యూనిట్) కిందికి వచ్చి, పంపు ఆపాక కూడా ముల్లు పైకి ఎగబాకకపోతేనే అలెన్ కీతో బయటి యూనిట్ వాల్వులు తెరవండి.