మీ హాబీ ఫోటో అవతలివాళ్ళకి సరిగ్గా కనపడాలంటే

ఫోన్‌తో ఫోటో తీసి ఉన్నదున్నట్టు పోస్ట్‌లో పడేయడం చాలామంది చేసేదే, తీసినవాళ్ళకి అంతా బానే ఉంటుంది ఎందుకంటే వాళ్ళ ఫోన్‌లో అది ఎప్పుడూ బానే కనపడుతుంది, కానీ చూసేవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఫోటో పక్కకి పడుకుని ఉంటుంది, లేదంటే తెరుచుకోడానికి తెగ టైం తీస్కుంటుంది, లేదంటే ఫోటో ఉండాల్సిన చోట చిరిగిపోయిన చిన్న ఐకాన్ ఒకటి వెక్కిరిస్తుంటుంది. మీరు కట్టిన మోడల్ రైలో, అల్లిన స్వెటరో, ఎక్కడో దొరికిన పాత నాణెమో పదిమందికి చూపించి "ఇదేంటో చెప్పండి" అని అడగాలంటే ముందు అది వాళ్ళకి కనపడాలి కదా. ఇందులో బ్రహ్మవిద్యేం లేదు, చెయ్యి అలవాటైతే ఫోటోకి రెండు నిమిషాలు పట్టదు.

తీసేటప్పుడే సగం పని అయిపోతుంది కాబట్టి అక్కడ కొంచెం ఓపిక పట్టండి. లెన్స్ తుడవండి, ఫోన్ రోజంతా జేబులోనే ఉంటుంది కాబట్టి దాని మీద వేలిముద్ర లేకుండా ఉండదు, ఫోటో మసకగా పొగపట్టినట్టు రావడానికి చాలాసార్లు కారణం అదే. ఫ్లాష్ ఆపేసి కిటికీ పక్కకి వెళ్ళండి. నాణెం, పతకం లాంటివైతే వెలుతురు పైనుంచి నేరుగా కాకుండా పక్కనుంచి వాలుగా పడాలి, అప్పుడే అరిగిపోయిన అక్షరాల అంచులకి నీడ పడి చదవడానికి వస్తుంది, అదే నాణాన్ని ఫ్లాష్ వేసి తీస్తే తెల్లటి మెరుపు తప్ప ఇంకేం కనపడదు. చిన్న వస్తువుకి మరీ దగ్గరికెళ్ళిపోతే ఫోన్ ఫోకస్ పట్టదు, కాస్త వెనక్కొచ్చి తీసి తర్వాత క్రాప్ చేస్కోండి. పక్కన ఒక స్కేల్ పెడితే సైజెంతో ఎవరూ అడగాల్సిన పనుండదు. మొత్తం వస్తువు కనపడేలా ఒకటి, మీరు అడగాలనుకున్న భాగం దగ్గరగా ఇంకొకటి, ఈ రెండూ ఉంటే చాలావరకు సరిపోతుంది.

ఇప్పుడు సైజు సంగతి. 12 మెగాపిక్సెల్ ఫోన్ తీసే ఫోటో సుమారు 4000 × 3000 పిక్సెల్స్ ఉంటుంది, మామూలు ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ మొత్తం కలిపినా 1920 × 1080, అంటే రెండు మెగాపిక్సెల్స్ చిల్లర. అంటే మీరు పంపే పిక్సెల్స్‌లో ఆరో వంతు మాత్రమే ఒకేసారి చూపించగల తెరకి మొత్తం సరుకంతా తోస్తున్నారన్నమాట, మిగతాది చూసేవాళ్ళ డేటా ఖర్చవడానికే తప్ప దేనికీ పనికిరాదు, పైగా చాలా సైట్లలో ఫైల్ సైజుకి పరిమితి ఉంటుంది కాబట్టి అప్‌లోడే అవ్వకపోవచ్చు. పొడుగు వైపు 1200 నుంచి 1600 పిక్సెల్స్ మధ్య పెట్టుకోండి, సేవ్ చేసేటప్పుడు జేపెగ్ క్వాలిటీ ఎంత అని అడిగితే 80-85 దగ్గర ఉంచండి, నాలుగైదు ఎంబీల ఫైల్ కాస్తా చాలావరకు కొన్ని వందల కేబీలకి దిగిపోతుంది, కంటికి తేడా దాదాపు తెలీదు. అన్నట్టు కొంతమంది 72 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు అన్న లెక్క) పెట్టాలి 300 డీపీఐ పెట్టాలి అని వాదించుకుంటుంటారు, అది ప్రింట్ తీసేటప్పుడు చూస్కోవాల్సిన విషయం, స్క్రీన్ మీద లెక్కలోకొచ్చేది పిక్సెల్స్ ఎన్ని అన్నదొక్కటే, ఆ గడిలో ఏ నంబర్ ఉన్నా పట్టించుకోకండి.

పని వరుస మాత్రం ముఖ్యం: ముందు క్రాప్, తర్వాత రీసైజ్, చివర్లో సేవ్. తిరగేసి చేస్తే ఏమవుతుందో నాణెం ఫోటోతోనే చూడండి. 4000 × 3000 ఫోటోలో నాణెం మధ్యలో ఒక 1800 పిక్సెల్స్ వెడల్పున ఉందనుకోండి, చుట్టూ ఉన్నదంతా టేబుల్. చుట్టూ కాస్త ఖాళీ వదిలి 2000 × 2000కి క్రాప్ చేసి, దాన్ని 1200కి తగ్గిస్తే ఫైనల్ ఫోటోలో నాణెం 1080 పిక్సెల్స్ వస్తుంది, అక్షరాలు హాయిగా చదవొచ్చు. అదే ముందు మొత్తం ఫోటోని 1200కి తగ్గించేశారనుకోండి, నాణెం 540కి పడిపోతుంది, ఆ తర్వాత క్రాప్ చేసినా పోయిన వివరం తిరిగి రాదు, మళ్ళీ పెద్దది చేసినా మసకే. ఇంకోటి, ఒరిజినల్ మీద ఎప్పుడూ సేవ్ కొట్టకండి, "సేవ్ యాజ్" చేసి కాపీ మీదే పనంతా చేస్కోండి.

దేంతో చేయాలంటే మీ దగ్గరున్నదాంతోనే అయిపోతుంది. విండోస్‌లో పెయింట్ తెరిచి రీసైజ్ నొక్కితే చాలు, మ్యాక్‌లో ప్రివ్యూలో టూల్స్ కింద అడ్జస్ట్ సైజ్ ఉంటుంది. ఒకేసారి ఇరవై ముప్పై ఫోటోలుంటే విండోస్‌లో ఇర్ఫాన్‌వ్యూ అనే ఫ్రీ ప్రోగ్రాం బ్యాచ్‌గా చేసేస్తుంది, మైక్రోసాఫ్ట్ వాళ్ళదే పవర్‌టాయ్స్ వేస్కుంటే అందులో ఇమేజ్ రీసైజర్ ఉంది, ఫైల్స్ అన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ చేయడమే. ఏదీ ఇన్‌స్టాల్ చేయడం ఇష్టం లేకపోతే స్క్వూష్ అని గూగుల్ వాళ్ళ వెబ్ టూల్ ఒకటుంది, ఫోటో ఎక్కడికీ పంపకుండా మీ బ్రౌజర్‌లోనే కుదిస్తుంది, మధ్యలో గీత జరుపుకుంటూ ముందు-తర్వాత తేడా చూస్కోవచ్చు, క్వాలిటీ ఎంత పెడితే ఏమవుతుందో అర్థం కావాలంటే ఇదే బెస్ట్.

ఫార్మాట్ విషయానికొస్తే ఫోటోలకి జేపెగ్, స్క్రీన్‌షాట్‌లకీ గీసిన డయాగ్రామ్‌లకీ పీఎన్‌జీ, అంతే, ఎక్కువ ఆలోచించక్కర్లేదు. జేపెగ్ బొమ్మని 8 × 8 పిక్సెల్ గడులుగా కోసి ఒక్కో గడిలో కంటికి ఆనని వివరాన్ని తీసి పారేస్తుంది, అందుకే క్వాలిటీ మరీ తగ్గిస్తే ఆకాశంలో చదరాలు కనపడతాయి, స్టాంపు మీద సన్న అక్షరాల చుట్టూ మచ్చలొస్తాయి. సేవ్ చేసిన జేపెగ్‌నే మళ్ళీ తెరిచి మళ్ళీ సేవ్ చేస్తూ పోతే ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది. వాట్సాప్‌లో వచ్చిన కాపీని తీసి పోస్ట్ చేయొద్దనేది కూడా ఇందుకే, అది అప్పటికే ఒకసారి గట్టిగా పిండేసిన ఫోటో. ఐఫోన్ వాళ్ళకి ఇంకో తలనొప్పి: 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఫోటోలు హెచ్‌ఈఐసీ ఫార్మాట్‌లో సేవ్ అవుతున్నాయి, కేబుల్ పెట్టి పీసీలోకి తీస్కుని అలాగే అప్‌లోడ్ చేస్తే క్రోమ్‌లో ఫైర్‌ఫాక్స్‌లో అది తెరుచుకోదు. సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అక్కడ "మోస్ట్ కంపాటిబుల్" పెట్టుకుంటే ఇకమీద తీసేవన్నీ జేపెగ్‌లోనే వస్తాయి, పాతవి మాత్రం మార్చుకోవాల్సిందే.

ఫోటో పక్కకి ఎందుకు తిరుగుతుందో కూడా చెప్పేస్తా. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసినా చాలా ఫోన్లు పిక్సెల్స్‌ని అడ్డంగానే రాసి, "దీన్ని తిప్పి చూపించు" అని ఫోటో ఫైల్‌లోనే దాగి ఉండే ఎక్సిఫ్ డేటాలో ఒక చీటీ తగిలిస్తాయి. అప్‌లోడ్ చేసే దారిలో ఏ ప్రోగ్రామో ఆ డేటాని తీసేస్తే చీటీ పోతుంది, ఫోటో పడుకుంటుంది. గింప్ అనే ఫ్రీ ఫోటో ఎడిటర్‌లో తెరిస్తే తిప్పమంటారా అని అదే అడుగుతుంది, తిప్పమని ఎక్స్‌పోర్ట్ చేస్తే పిక్సెల్స్ నిజంగానే తిరిగిపోతాయి, ఇక ఎక్కడ పెట్టినా నిటారుగానే ఉంటుంది.

ఆ ఎక్సిఫ్‌లో ఉండేది తిప్పే చీటీ ఒక్కటే కాదు, అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. కెమెరా మోడల్, తేదీ, టైం, షట్టర్ స్పీడ్ ఇవన్నీ ఉంటాయి, ఫోటోగ్రఫీ వాళ్ళకి అవి పనికొచ్చేవే, కానీ లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఉంటుంది. ఇంట్లో టేబుల్ మీద పెట్టి తీసిన ఖరీదైన నాణేల కలెక్షన్, దాంతోపాటే ఇంటి అడ్రస్, రెండూ ఒకే ఫైల్‌లో ఊరందరికీ ఇచ్చేసినట్టే. కొన్ని సైట్లు అప్‌లోడ్ అవ్వగానే ఇదంతా తీసేస్తాయి, కొన్ని తీయవు, వాళ్ళ మీద వదిలేయకుండా మనమే తీసేస్కుంటే గొడవ ఉండదు. విండోస్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్ ట్యాబ్, కింద రిమూవ్ ప్రాపర్టీస్ అని లింక్ ఉంటుంది, అది నొక్కితే శుభ్రమైన కాపీ చేసిస్తుంది. ఐఫోన్‌లో షేర్ నొక్కాక పైన కనపడే ఆప్షన్స్‌లో లొకేషన్ ఆఫ్ చేయొచ్చు. ఆండ్రాయిడ్‌లో కెమెరా సెట్టింగ్స్‌లోనే లొకేషన్ ట్యాగ్ ఆపేస్కోండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఈ డేటా పోతుంది కానీ డాక్యుమెంట్‌గా పంపితే ఒరిజినల్ ఫైల్ మొత్తం లొకేషన్‌తో సహా వెళ్ళిపోతుంది, ఇది చాలామంది గమనించరు.

పక్షుల ఫోటోలు తీసేవాళ్ళకి ఇంకో మాట, అరుదైన పక్షి గూడో, అరుదైన ఆర్కిడ్ మొక్కో దొరికితే దాని చోటు బయటపెట్టకండి, ఎక్సిఫ్‌లోనే కాదు, వెనకాల ఏ బోర్డో గుర్తుపట్టేలా ఉన్నా క్రాప్ చేసేయండి, ఎత్తుకెళ్ళేవాళ్ళూ చూస్తుంటారు. అలాగే అద్దాల్లో, అక్వేరియం గాజు మీద మీ మొహం, గది కనపడుతున్నాయేమో, టేబుల్ మీద ఏ బిల్లో కవరో పడి ఉందేమో జూమ్ చేసి ఒకసారి చూస్కోండి.

ఇక ఫోటో ఎక్కడ పెట్టాలి. పోస్ట్ చేసే చోటే నేరుగా అప్‌లోడ్ చేసే సదుపాయం ఉంటే కళ్ళు మూస్కుని అదే వాడండి. వేరే సైట్‌లో పెట్టి లింక్ ఇవ్వడం అద్దె ఇంట్లో సామాను పెట్టడం లాంటిది, ఓనర్ ఎప్పుడు తాళం మారుస్తాడో తెలీదు. 2017లో ఫోటోలు దాచుకునే ఫోటోబకెట్ అనే సైట్ ఇలాగే చేసింది, బయటి పేజీల్లో ఫోటోలు కనపడాలంటే ఏడాదికి 399.99 డాలర్లు కట్టాలంది, దాంతో మోడలింగ్, కార్లు, తోటపని లాంటి హాబీల వాళ్ళు ఏళ్ళ తరబడి రాసుకున్న పోస్టుల్లో ఫోటోలు పోయి వాటి స్థానంలో మీటర్ బొమ్మ వచ్చి కూర్చుంది, రాత మిగిలింది గానీ ఏ స్క్రూ ఎక్కడ బిగించాలో చూపించే ఫోటోలు లేకపోతే ఆ రాత ఎవరికి పనికొస్తుంది. 2023 మే నెల నుంచి అలాంటిదే ఇంకో సైట్ ఇమ్గర్ కూడా అకౌంట్ లేకుండా పెట్టిన, ఎవరూ చూడని పాత ఫోటోల్ని తీసేస్తామంది. కాబట్టి బయట పెట్టక తప్పకపోతే అకౌంట్ తెరిచి పెట్టండి, పోస్ట్ చేసిన ప్రతి ఫోటో కాపీని అదే పేరుతో మీ దగ్గర ఒక ఫోల్డర్‌లో దాచుకోండి, రేపు లింక్ చచ్చిపోతే మళ్ళీ ఎక్కించి అతికించడానికి ఏ ఫోటో ఎక్కడిదో వెతుక్కోకుండా ఉంటుంది.

లింక్‌లో కూడా రెండు రకాలున్నాయి, ఎక్కువమందికి బెడిసికొట్టేది ఇక్కడే. షేర్ బటన్ నొక్కితే వచ్చేది ఫోటో ఉన్న పేజీ లింక్, పోస్ట్‌లో ఫోటో చూపించడానికి రాసే ఐఎంజీ ట్యాగ్‌కి కావాల్సింది ఫోటో ఫైల్ లింక్. ఫైల్ లింక్ అయితే మామూలుగా చివర డాట్ జేపీజీ అనో డాట్ పీఎన్‌జీ అనో ఉంటుంది, కొత్త ట్యాబ్‌లో తెరిస్తే చుట్టూ బటన్లు, మెనూలు ఏవీ లేకుండా ఒక్క ఫోటోనే వస్తుంది. గూగుల్ ఫోటోస్ షేర్ లింక్ పేజీ లింకే, అందుకే ట్యాగ్‌లో పెడితే ఏమీ రాదు. ఫేస్‌బుక్‌లోంచో ఇన్‌స్టాగ్రామ్‌లోంచో ఇమేజ్ అడ్రస్ కాపీ చేసి పెడితే ఆ రోజుకి కనపడుతుంది, తర్వాత పోతుంది, వాటికి గడువు ఉంటుంది. వేరేవాళ్ళ సైట్‌లో ఉన్న ఫోటోకి ఇలా నేరుగా లింక్ ఇచ్చేయడం మర్యాద కాదు, వాళ్ళ సర్వర్ ఖర్చుతో మన పోస్ట్ నడుపుకోవడమే అది, ఫోటో తీసినవాళ్ళని అడిగి, పేరు చెప్పి పెట్టుకోండి.

ఫైల్ పేరు ఇంగ్లీష్ అక్షరాల్లో, ఖాళీల్లేకుండా, మధ్యలో చిన్న గీతలతో పెట్టండి. తెలుగులో పెడితే తప్పేం లేదు కానీ లింక్‌గా కాపీ చేసినప్పుడు ఒక్కో గుర్తూ పర్సెంట్ కోడ్‌గా మారి తొమ్మిది అక్షరాలవుతుంది, "రైలు" అనే చిన్న మాట గుణింతాలతో కలిపి 36 అక్షరాల చాంతాడై కూర్చుంటుంది, కొన్నిచోట్ల మధ్యలో విరిగిపోతుంది కూడా.

పోస్ట్‌లో పెట్టేటప్పుడు ఫోటోలన్నీ కింద కుప్ప పోయకండి, ఏ మాట దగ్గర ఏ ఫోటో కావాలో అక్కడే పెట్టి, ఫోటో 1, ఫోటో 2 అని నంబర్లు వేయండి, "3లో ఎడమవైపు ఉన్న చక్రం చూడు" అని అవతలివాళ్ళు చెప్పడానికి వీలుగా. ఒకేలాంటివి పది కన్నా తేడాగా ఉన్నవి నాలుగు మేలు. అడగాలనుకున్న చోట బాణం గుర్తు గీయండి, అది కాపీ మీదే, గీత లేనిది కూడా పక్కన ఉంచండి. ఆల్ట్ టెక్స్ట్ గడి ఉంటే ఒక వాక్యం రాయండి, చూపు లేక, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళకి ఫోటోలో ఏముందో తెలిసేది దానివల్లే.

అంతా అయ్యాక బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి లాగిన్ అవ్వకుండా మీ పోస్ట్ చూడండి. లాగిన్‌లో ఉంటే మీ ప్రైవేట్ ఆల్బమ్ ఫోటో కూడా మీకు చక్కగా కనపడుతుంది, అవతలివాళ్ళకి మాత్రం ఖాళీ గడి. ఇన్‌కాగ్నిటోలో కూడా కనపడిందంటే వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద ఫోన్‌లో ఒకసారి తెరవండి, అక్కడ ఫోటో నత్తనడక నడుస్తుంటే సైజు ఇంకా తగ్గించాలి.