ఆందోళనకు ఏ మందు? చిన్న క్లినిక్‌లో మందులను పోల్చి చూసే విధానం

విశాఖపట్నంలో గాజువాకలోనో మధురవాడలోనో క్లినిక్ నడిపే జనరల్ డాక్టరు దగ్గరికి గుండెదడ, గాబరా, నిద్ర పట్టడం లేదంటూ వచ్చేవారు చాలామందే ఉంటారు. ఎంత త్వరగా ఉపశమనం ఇస్తుందన్న ఒక్క కొలతతో చూస్తే ఆల్ప్రజోలమ్‌దే పైచేయి అవుతుంది. మూడు నెలల తర్వాత రోగి పరిస్థితి ఏమిటి, ఆ మందును ఎలా మానగలడు అని కూడా ఆలోచిస్తే ఎంపిక మారిపోతుంది.

ముందుగా థైరాయిడ్ సమస్య, రక్తహీనత, ఆస్తమాకు వాడే సాల్బుటమాల్ వాడకం, మద్యం మానేసిన తొలి రోజుల వణుకు వంటి కారణాలేమైనా ఉన్నాయేమో చూడాలి. ఆ తర్వాత ఏడు ప్రశ్నల జీఏడీ-7 పట్టికతో తీవ్రతను కొలిచి, 21కి ఎంత వచ్చిందో చీటీ మీదే రాసిపెట్టుకుంటే, మందు పనిచేస్తోందో లేదో తర్వాతి సందర్శనలో ఆ అంకెతోనే పోల్చుకోవచ్చు.

దీర్ఘకాలిక ఆందోళనకు మొదట ఎంచవలసినవి మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులే. ఎస్సిటాలోప్రామ్ 5 మి.గ్రా. లేదా సెర్ట్రలిన్ 25 మి.గ్రా.తో మొదలుపెట్టి, తట్టుకోగలిగితే వారం తర్వాత పెంచవచ్చు. గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుందనీ, తొలి రోజుల్లో వికారం, కంగారు కాస్త పెరగవచ్చనీ ముందే చెప్పాలి. చెప్పకపోతే నాలుగో రోజుకే మానేసేవారు ఎందరో. లైంగిక ఇబ్బందుల గురించి రోగి నోరు విప్పడు కనుక డాక్టరే అడగాలి. బీపీకి థయజైడ్ (మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు) వాడే వృద్ధులలో ఈ మందులతో రక్తంలో సోడియం పడిపోవచ్చు, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు కూడా వాడుతుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పాతికేళ్ల లోపువారిలో ఆత్మహత్య ఆలోచనలను కనిపెట్టి ఉండాలి, గతంలో ఉన్మాద దశ (మేనియా, అంటే మితిమీరిన ఉత్సాహంతో అదుపు తప్పే స్థితి) వచ్చిందేమో తెలుసుకోకుండా ఈ మందులు మొదలుపెట్టకూడదు.

క్లోనజెపామ్, ఆల్ప్రజోలమ్ వంటివి గంటలోపే నెమ్మదింపజేస్తాయి గానీ, అలవాటు పడే ప్రమాదం ఉన్నందున రెండు నుంచి నాలుగు వారాలు మించనివ్వకూడదు. స్టీల్ ప్లాంటులో షిఫ్టులు మారుతూ క్రేన్ నడిపే వ్యక్తికీ, పోర్టు లారీ డ్రైవరుకూ, రాత్రి మద్యం తాగేవారికీ ఇవి మరింత హానికరం. మన దగ్గర విరివిగా రాసే ఎస్సిటాలోప్రామ్, క్లోనజెపామ్ కలిపిన మాత్రను నేను సమర్థించలేను. మొదటిది నెలల తరబడి వాడవలసినది, రెండోది వారాల్లో ఆపవలసినది. రెండూ ఒకే మాత్రలో ఉంటే ఒకదాన్ని కొనసాగిస్తూ మరొకదాన్ని తగ్గించే వీలే ఉండదు. తప్పనిసరైతే విడివిడిగా రాసి, క్లోనజెపామ్ ఆపే తేదీని మొదటి రోజే చీటీలో పెట్టాలి.

ప్రొప్రనలాల్ చేతివణుకును, గుండెదడను తగ్గిస్తుంది, మనసులోని చింతను కాదు. ఆస్తమా ఉన్నవారికి ఇవ్వకూడదు. బస్పిరోన్ అలవాటు చేయదు, కానీ నెమ్మదిగా పనిచేస్తుంది. ప్రీగాబలిన్ వారంలో గుణం చూపవచ్చు. కళ్లు తిరగడం, బరువు పెరగడం, అలవాటు పడటం ఉన్నాయి, మూత్రపిండాల పనితీరును బట్టి మోతాదు తగ్గించాలి.

గుణం కనిపించాక సాధారణంగా ఆరు నుంచి పన్నెండు నెలలు మందు కొనసాగించి, తర్వాత వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ మానేటప్పుడు ఇబ్బంది ఎక్కువ కనుక ఇంకా నిదానించాలి. ఒకదాని తర్వాత ఒకటిగా రెండు మందులు తగిన మోతాదులో వాడినా జీఏడీ-7 స్కోరు తగ్గకపోతే, లేదా చనిపోవాలన్న ఆలోచన ఉంటే, చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పంపాలి. ఏ వేళైనా మాట్లాడేందుకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416ను కుటుంబానికి రాసివ్వాలి.