నల్ల అక్షరాల చుట్టూ రంగు అంచులు: ప్రెస్సుకి ఫోన్ చేసే ముందు పీడీఎఫ్ చూడండి

సమస్య ఇలా మొదలవుతుంది. సావనీరో, బ్రోచరో అచ్చయి వస్తుంది. ఫొటోలు బ్రహ్మాండంగా ఉంటాయి. చిన్న నల్ల అక్షరాలు మాత్రం మసకగా, రెండుసార్లు పడినట్టు ఉంటాయి. భూతద్దం పెడితే అక్షరానికి ఒక పక్క నీలం, ఇంకో పక్క ఎరుపు. ఇంగ్లిష్ అక్షరాలు ఎలాగో గట్టెక్కుతాయి. తెలుగుకే అసలు దెబ్బ. పది పాయింట్లలో ఒత్తులు ముద్దైపోతాయి, 'ప'కీ 'ష'కీ తేడా తెలియదు.

వెంటనే అందరూ అనే మాట: "మిషన్ రిజిస్టర్ తప్పింది." అంటే రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోలేదని. తప్పే ఉంటుంది. సియాన్ (నీలం), మజెంటా (ఎరుపు), ఎల్లో, బ్లాక్ అనే నాలుగు ఇంకుల్ని ఒక్కోదానికి ఒక్కో ప్లేటు (అచ్చురేకు) చొప్పున వేసే పనిలో వెంట్రుకవాసి తేడా ఎక్కడైనా వస్తుంది. మన విశాఖ గాలిలో తేమకి కాగితం సాగుతుంది కూడా. రెండు రంగుల మిషన్ మీద నాలుగు రంగుల్ని రెండు దఫాలుగా వేసే ప్రెస్సులో, మధ్యలో షీట్లు రాత్రంతా బయట ఉంటే పొద్దున్నకి కొలత మారిపోతుంది. కానీ ఒక్క నలుపు ప్లేటు మీదే ఉన్న అక్షరానికి రిజిస్టర్‌తో పనే లేదు. పక్కన వేరే రంగు ఉంటే కదా జరిగేది! అంచు కనిపించిందంటే మీ అక్షరం నాలుగు ప్లేట్ల మీదా ఉందని అర్థం. అది మిషన్ చేసిన పని కాదు, ఫైలు చేసిన పని.

ఎవ్వరూ చేయని పరీక్ష

పీడీఎఫ్‌ని అక్రోబాట్ ప్రోలో తెరిచి, ప్రింట్ ప్రొడక్షన్‌లో ఔట్‌పుట్ ప్రివ్యూ తీయండి. ప్లేట్ల జాబితాలో ప్రాసెస్ బ్లాక్ ఎదురుగా ఉన్న టిక్ తీసేయండి. నల్ల అక్షరాలన్నీ మాయమైపోవాలి. బూడిద రంగులోనో గోధుమ రంగులోనో ఇంకా కనిపిస్తుంటే, అవే రేపు మీ కొంప ముంచే అక్షరాలు. కర్సర్ వాటి మీద పెడితే ఏ ఇంకు ఎంత శాతమో అంకెలు కనిపిస్తాయి. సియాన్, మజెంటా, ఎల్లో సున్నా, బ్లాక్ 100 ఉండాలి. అంతే.

దీనికి ఒక నిమిషం కూడా పట్టదు. అయినా ప్లేట్లు తీశాక, వెయ్యి షీట్లు నడిచాక, అప్పుడు అడుగుతారు. ఉచితంగా వచ్చే రీడర్‌లో ఇది ఉండదు. అక్రోబాట్ ప్రో లేనివాళ్లు ప్లేట్లు తీసే సీటీపీ సెంటర్‌లో చూపించమనండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు.

మామూలు కారణాలు

వర్డ్‌లో చేసిన ఫైలులో నలుపు ఆర్‌జీబీ, అంటే తెర కోసం కలిపిన రంగు. అది సీఎంవైకే (అచ్చులోని నాలుగు ఇంకుల లెక్క) అయ్యేటప్పుడు నాలుగు ఇంకులుగా విడిపోతుంది. ఫోటోషాప్‌ని 'స్వాప్' అనే అమెరికా అచ్చు ప్రమాణం డిఫాల్ట్‌తో వదిలేస్తే, ఆర్‌జీబీ నలుపు 75-68-67-90 (సియాన్, మజెంటా, ఎల్లో, బ్లాక్ వరసలో శాతాలు) అవుతుంది. అంటే పది పాయింట్ల అక్షరానికి మొత్తం 300 శాతం ఇంకు! వర్డ్ పీడీఎఫ్‌కైతే అక్రోబాట్‌లోని కన్వర్ట్ కలర్స్‌లో 'ప్రిజర్వ్ బ్లాక్' టిక్ పెట్టి మార్చండి, మళ్లీ పై పరీక్ష చేయండి.

ఫోటోషాప్‌లో టైపు చేసి జేపెగ్‌గా పంపేవాళ్లకి ఒక్కటే మాట: వద్దు. 300 డీపీఐ ఫొటోకి చాలు, అక్షరానికి చాలదు. బొమ్మ అక్కడ చేసుకోండి, అక్షరాలు ఇన్‌డిజైన్‌లోనో కోరెల్‌లోనో పెట్టండి.

స్వాచెస్ (రంగుల జాబితా)లో 'రిజిస్ట్రేషన్' అనే నలుపు ఉంటుంది. అది కటింగ్ గుర్తులకి. నాలుగు ఇంకులూ నూటికి నూరు. అక్షరానికి దాన్ని వాడకండి.

అసలు దొంగ

ఇప్పుడు చెప్పేది ఎంత అనుభవం ఉన్నవాళ్లనైనా బోల్తా కొట్టిస్తుంది. "నేను కే వంద పెట్టాను సార్, కావాలంటే ఫైలు చూడండి" అంటాడు డిజైనర్. కే అంటే బ్లాక్ ఇంకు. చూస్తే నిజంగానే 0-0-0-100. అబద్ధం కాదు. పీడీఎఫ్ తెరిస్తే నాలుగు ప్లేట్ల మీదా అక్షరాలు! ప్రెస్సువాళ్లు డిజైనర్ని, డిజైనర్ ప్రెస్సువాళ్లని తిట్టుకుంటుంటారు. ఇద్దరి చేతుల్లోనూ సాక్ష్యం ఉంటుంది.

జరిగేది ఇది. ఇన్‌డిజైన్ సెట్టింగులు ముట్టుకోకపోతే డాక్యుమెంట్ స్వాప్ ప్రొఫైల్‌లో ఉంటుంది. ప్రొఫైల్ అంటే ఏ ఇంకు అచ్చులో ఎలా కనిపిస్తుందో చెప్పే పట్టిక. ప్రెస్సు నుంచి "ఫోగ్రా 39లో పంపండి" అని మెసేజ్ వస్తుంది; అది యూరప్ ప్రొఫైల్. డిజైనర్ బుద్ధిగా ఎక్స్‌పోర్ట్ విండోలో ఔట్‌పుట్‌కి వెళ్లి 'కన్వర్ట్ టు డెస్టినేషన్' పెట్టి, ఫోగ్రా 39 ఎంచుకుంటాడు. అక్కడే పోతుంది. సాఫ్ట్‌వేర్‌కి మీ అక్షరం అక్షరంలా తెలియదు, ఒక రంగులా తెలుసు. స్వాప్‌లో కే 100 ఏ ఛాయలో కనిపిస్తుందో లెక్కగట్టి, అదే ఛాయ ఫోగ్రాలో రావాలంటే ఏ ఇంకులు కలపాలో చూసి, నాలుగూ కలిపేస్తుంది. దాని లెక్కలో అది న్యాయమే.

తెర మీద మాత్రం తేడా తెలియదు. ఛాయ మారకుండా చూడటమే కదా ఆ లెక్క పని. దానికి తోడు, ఇన్‌డిజైన్ మామూలుగా అన్ని నలుపుల్నీ ఒకేలా చిక్కగా చూపిస్తుంది. ప్రిఫరెన్సెస్‌లో 'అప్పియరెన్స్ ఆఫ్ బ్లాక్'కి వెళ్లి, ఉన్నదున్నట్టు చూపించమని మార్చుకోండి. పీడీఎఫ్ ఎక్స్-1ఏ (అచ్చుకి పంపే పీడీఎఫ్‌ల ప్రమాణం) పరీక్ష పాసైంది కదా అని నిశ్చింతగా ఉండకండి. రంగుల విషయంలో ఆర్‌జీబీ మిగలకపోతే దానికి చాలు. అక్షరం ఎన్ని ప్లేట్ల మీద ఉందో దానికి అనవసరం.

పరిష్కారం: అదే చోట 'కన్వర్ట్ టు డెస్టినేషన్' పక్కన 'ప్రిజర్వ్ నంబర్స్' అని ఉన్నది ఎంచుకోండి. ఇన్‌డిజైన్‌లోనే టైపు చేసిన సీఎంవైకే అక్షరాల అంకెల్ని అది కదపదు. ఇంకా మంచి పద్ధతి, పని మొదలుపెట్టే రోజే ప్రెస్సుని ప్రొఫైల్ అడిగి, ఎడిట్ మెనూలో 'అసైన్ ప్రొఫైల్స్'తో పెట్టుకోవడం. దాని కిందే 'కన్వర్ట్ టు ప్రొఫైల్' ఉంటుంది. అది నొక్కితే ఇదే కథ ముందే జరగొచ్చు. పాడైపోయిన పీడీఎఫ్‌ని రిపేరు చేస్తూ కూర్చోవద్దు, మూలం ఫైలు నుంచి మళ్లీ తీయండి.

ఇదే దొంగ రెండో తలుపు నుంచి కూడా వస్తాడు. మీరు శుభ్రమైన పీడీఎఫ్ పంపుతారు. ప్రెస్సులో ఆపరేటర్ పేజీలు వరస పెట్టడానికి దాన్ని కోరెల్‌డ్రాలోకి ఇంపోర్ట్ చేసి, మళ్లీ పీడీఎఫ్ తీస్తాడు. అక్కడి సెట్టింగులు అక్కడివి. అందుకే పేజీలు వరస పెట్టాక వచ్చిన పీడీఎఫ్‌ని వెనక్కి తెప్పించుకుని, బ్లాక్ టిక్ తీసి మళ్లీ చూడండి. సావనీర్లలో ప్రకటనల పేజీలు ఒక్కొక్కటీ ఒక్కో ఆఫీసు నుంచి వస్తాయి కాబట్టి, ఒక పేజీ చూసి వదిలేయకుండా అన్నీ తిప్పండి.

నలుపుకే సంబంధించిన వేరే ఫిర్యాదులు

పెద్ద నల్ల పట్టీ వెలిసినట్టుందా? దానికి కే 100 ఒక్కటే చాలదు. ఆర్ట్ పేపర్ మీద 60-40-40-100 వేయండి. చిన్న అక్షరాలకి ఈ మందు పనికిరాదు.

రంగు నేపథ్యం మీద నల్ల అక్షరం చుట్టూ తెల్ల గీత వస్తే, ఓవర్‌ప్రింట్ (కింది రంగుని తొలచకుండా దాని మీదే నలుపు వేయడం) లేదన్నమాట. నలుపుకి పెట్టండి. తెల్ల అక్షరానికి పొరపాటున ఓవర్‌ప్రింట్ పెడితే అది అచ్చులో కనబడకుండా పోతుంది, కాబట్టి ఓవర్‌ప్రింట్ ప్రివ్యూ వేసి చూడండి.

బ్లాక్ టిక్ తీస్తే అక్షరాలు పూర్తిగా పోతున్నాయి, అయినా అచ్చులో రెండుగా పడుతున్నాయా? అప్పుడు బ్లాంకెట్ (ప్లేటు నుంచి ఇంకుని కాగితానికి చేర్చే రబ్బరు పొర) వదులవడమో, ప్లేటు సరిగ్గా కూర్చోకపోవడమో అయి ఉంటుంది. అరుదు. అది ప్రెస్సువాళ్లు చూసుకోవాల్సింది, ఫోన్ చేయాల్సింది అప్పుడే.