మాటకు మాట – 3వ పాఠం: వంతు వదలడం

నలుగురితో మాట కలపడం కష్టమయ్యే పిల్లల అమ్మానాన్నల కోసమే ఈ పాఠాలు. పోయిన రెండు పాఠాల్లో పలకరింపు చూశాం, కళ్లలోకే చూడమని పట్టుబట్టొద్దనీ అనుకున్నాం. ఈసారిది ఇంకాస్త కష్టం: మొదలుపెట్టిన మాట ఆపి అవతలివాళ్లకు వంతివ్వడం.

లిఫ్ట్‌లో పైఫ్లోర్ అంకుల్ "ఏం బాబూ, పరీక్షలు ఎలా రాశావ్?" అంటారు. మనవాడు "అంకుల్, మెట్రో రెడ్ లైన్‌లో మొత్తం 27 స్టేషన్లు, మియాపూర్, జేఎన్‌టీయూ కాలేజ్, కేపీహెచ్‌బీ కాలనీ, కూకట్‌పల్లి..." అని అందుకుంటాడు. పాపం ఆయన అమీర్‌పేట దాకా ఓపిక పట్టి ఫోన్ తీస్తారు. మనకేమో తల కొట్టేసినట్టుంటుంది, మోచేత్తో పొడిచి "అంకుల్ అడిగింది చెప్పు నాన్నా" అంటాం. దాంతో వాడికి అర్థమయ్యేది ఒక్కటే, నలుగురిలో నోరు తెరిస్తే అమ్మకు కోపమొస్తుందని.

ఇది పొగరూ కాదు, పెంపకం లోపమూ కాదు. వినేవాళ్లు ఊరికే "ఓహో" అనడం, తలుపు వైపు తిరగడం, ఇవన్నీ 'ఇక చాలు' అనే గుర్తులని చాలామంది పిల్లలకు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది, కొందరికి మాత్రం విడమరిచి చెప్పాలి. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది తరచూ కనిపిస్తుంది, ఆటిజం లేకుండా ఇదొక్కటే ఉండే పిల్లలూ ఉన్నారు, 2013లో అమెరికా సైకియాట్రీ డాక్టర్ల సంఘం దీన్ని విడిగా ఒక ఇబ్బందిగా, మానసిక సమస్యల్ని గుర్తించడానికి వాడే తమ పుస్తకంలో చేర్చింది కూడా. అనుమానముంటే ముందు వినికిడి పరీక్ష చేయించండి, తర్వాత సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీలో, అంటే బుద్ధి ఎదుగుదలలో ఇబ్బందులున్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థలో, చూపించుకోవచ్చు (పాతవాళ్లు ఇంకా పాత పేరుతో ఎన్‌ఐఎంహెచ్ అనే అంటారు).

ఇక సాధన. అష్టాచెమ్మా గవ్వలు తీయండి. గవ్వలు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి, రెండు వాక్యాలు చెప్పి, ఒక ప్రశ్న అడిగి, గవ్వలు ఇచ్చేయాలి. మెట్రోతోనే మొదలుపెట్టండి, దాన్ని నిషేధిస్తే ఆట అక్కడే ఆగిపోతుంది. మీ వంతులో "నేనివాళ మెట్రో ఎక్కలేదు, బస్సులో వచ్చాను" అనండి. వాడు "ఎందుకు?" అన్నాడా, చాలు, పండగే! మీరన్న మాటను పట్టుకుని అడిగాడు కదా.

మీరు అడిగినప్పుడు మాత్రం జవాబొచ్చేదాకా మాట్లాడకుండా ఆగండి. పెద్దవాళ్ల సంభాషణలో ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ మధ్య ఖాళీ సగటున సెకనులో ఐదో వంతే, ఈ పిల్లలకు అది సరిపోదు. మనసులో పది లెక్కపెట్టండి, ప్రశ్న మార్చి మళ్లీ అడక్కండి.

మధ్యలో మీకు విసుగొస్తే నటించకుండా పైకే చెప్పండి, "ఇందాకటి నుంచి గడియారం చూస్తున్నా చూడు, అంటే ఇక చాలనిపిస్తోందన్నమాట" అని. మెల్లగా అమ్మమ్మ ఆవకాయ, నాన్న క్రికెట్ లాంటి, వాడికి ఇష్టంలేని సంగతుల్లోకి దింపండి.

బయట మొదటి ప్రయత్నం కిరాణా కొట్లో, మధ్యాహ్నం రద్దీ లేనప్పుడు. కొట్టాయనకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. "అన్నా, పెరుగు ప్యాకెట్ ఉందా?" అంటే ఆయన "చిన్నదా పెద్దదా?" అంటాడు, వాడు జవాబిచ్చి డబ్బులు కట్టి వచ్చేస్తాడు, అంతే. బోనాలకు చుట్టాలంతా దిగిన రోజు మాత్రం ఈ పరీక్ష పెట్టకండి. నలుగురిలో గుర్తుచేయాల్సి వస్తే మీ ఇద్దరికే తెలిసిన సైగ, చెవి పట్టుకోవడమో ఇంకేదో, ముందే ఒప్పందం చేసుకోండి.

ఈ వారం రోజూ రాత్రి అన్నాలయ్యాక పది నిమిషాలు ఆడండి, వాడు వద్దంటే ఆ రోజుకు వదిలేయండి. 4వ పాఠంలో స్కూల్లో ఆడుకునే గుంపులోకి ఎలా చేరాలో చూద్దాం, అక్కడ సైగ చేయడానికి మనం ఉండం.